బరంపురంలో అద్దె ఇల్లు, ఆ తర్వాత స్థలం: బ్రోకర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

సోంపేట_శ్రీను:
అందరికీ నమస్కారం. మాది సోంపేట. మా ఆవిడకి ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, నేను కూడా అక్కడికే బదిలీ పెట్టుకున్నాను. ముందు అద్దెకి దిగి, కుదురుకున్నాక చిన్న స్థలం కొనుక్కుందామని ఆలోచన. తెలిసినవాళ్లు ఒక బ్రోకర్‌ని పరిచయం చేశారు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, మనిషి మర్యాదగానే ఉన్నాడు. ఇల్లు కుదిరిస్తే ఒక నెల అద్దె కమీషన్ అంటున్నాడు. పనిలో పనిగా అంబపువా వైపు ఒక ప్లాటు ఉంది, ఈ వారమే టోకెన్ ఇచ్చేయండి, లేకపోతే చెయ్యి దాటిపోతుంది అని తొందరపెడుతున్నాడు. నాకు ఒరియా మాట్లాడితే కొంత అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదు. టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉంటున్న మనవాళ్లు మీ అనుభవం చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

కోర్టుపేట_మాస్టారు:
శ్రీను గారూ, బరంపురం వస్తున్నందుకు సంతోషం. మనవాళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. బజారులో తెలుగుతోనే పని గడిచిపోతుంది, ఆ విషయంలో బెంగ పెట్టుకోకండి.

నెల అద్దె కమీషన్ ఇక్కడ మామూలే. గట్టిగా అడిగితే సగానికి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఎంత అన్నదానికంటే ఎప్పుడు ఇవ్వాలన్నది చూసుకోండి. అగ్రిమెంటు మీద ఓనర్ సంతకం పెట్టి తాళాలు మీ చేతికి వచ్చాకే ఇవ్వండి. ఇల్లు చూపించడానికే ముందు డబ్బు కట్టమంటే వేరే మనిషిని చూసుకోండి. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరూ అలాగే చేస్తారు. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఎంత కోస్తారు, కరెంటు పాత బాకీ ఉంటే ఎవరిది అన్నవి అందులో రాయించుకోండి. చాలా గొడవలు రంగుల దగ్గరే వస్తాయి.

మంచి బ్రోకర్ అంటే ఎలా ఉంటాడో చెప్తాను. మా చెల్లెలికి గోసాని నువాగాం వైపు ఇల్లు వెతుకుతున్నాం. ఓనర్ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లకి ఏ లోటూ లేదని చెబుతున్నాడు. బ్రోకర్ ఆ మాటలు వింటూనే పెరట్లోకి వెళ్లి సంపు మూత ఎత్తాడు. అడుగున జానెడు నీళ్లు కూడా లేవు. పక్క గోడ మీద, ట్యాంకర్ పైపు రోజూ రాసుకునే చోట సున్నం ఊడిపోయి నల్లగా చార పడి ఉంది. వీధిలోకి వచ్చాక, ‘మాస్టారూ, ఈ లైనుకి ఏప్రిల్ నుంచి ట్యాంకరే దిక్కు, పిల్లలున్న ఇల్లు కదా, వద్దు’ అన్నాడు. ఆ ఇల్లు కుదిరుంటే అతనికి కమీషన్ వచ్చేదే. అలాంటి మనిషి దొరికితే వదులుకోకండి. ఏ వీధికి కుళాయి ఎన్నింటికి వస్తుందో, ఏ ఓనర్ ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయిస్తాడో ఆన్‌లైన్ ప్రకటనల్లో ఎవరూ రాయరు.

గాంధీనగర్_లలిత:
మాస్టారు గారు చెప్పిన నీళ్ల సంగతికి తోడు ఇంకొకటి. పై అంతస్తు చవగ్గా వస్తుందని రేకుల గదులు తీసుకోకండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది. ఈ తీరంలో ఉన్నవాళ్లకి అక్టోబరు అంటే ఆ భయం ఉంటుంది. స్లాబు ఇల్లే చూడండి. పొలాలు పూడ్చి వేసిన కొత్త కాలనీల్లో అయితే కాంపౌండ్ గోడకి తడి మరక ఎంత ఎత్తు దాకా ఉందో చూడండి, వానాకాలంలో వీధి ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

పాత ఊళ్లో, దేశిబెహరా వీధి చుట్టుపక్కల తీసుకుంటే రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్రకి నెలంతా జనం. బండి ఇంటి దాకా రాదు. నాకైతే ఆ నెల కోసమే ఈ ఊళ్లో ఉండాలనిపిస్తుంది. కానీ మీ ఆవిడకి నైట్ డ్యూటీలు ఉంటే ముందే ఆలోచించుకోండి.

హిల్‌పట్నా_వాసి:
నా అభిప్రాయం వేరు. అద్దె ఇంటికి బ్రోకర్ అక్కర్లేదు. సాయంత్రం పూట బండి వేసుకుని తిరిగితే టు-లెట్ బోర్డులు బోలెడు. మాకు ఇల్లు చూపించిన మనిషి మా దగ్గర ఒక నెల, ఓనర్ దగ్గర ఇంకో నెల తీసుకున్నాడని తర్వాత తెలిసింది. ఇద్దరి దగ్గరా తీసుకునేవాడు ఎవరి తరఫున బేరం ఆడతాడు? అద్దె తగ్గించమని మేము అడిగినప్పుడల్లా ఓనర్ ఒప్పుకోడని అతనే చెప్పేసేవాడు. ఓనర్‌తో మాకు చనువు ఏర్పడ్డాక, అసలు తనని ఎవరూ అడగనే లేదన్నారాయన.

కమీషన్_మీద_బతికేవాణ్ని:
నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి మా వైపు నుంచి కూడా చెప్పాలి. రెండు వైపులా తీసుకోవడం ఉంది, దాచను. కానీ ముందే చెప్పి తీసుకోవాలి. చెప్పకుండా తీసుకునేవాడి వల్ల మా అందరికీ చెడ్డపేరు. మీరు మొదటి రోజే ‘ఓనర్ దగ్గర కూడా తీసుకుంటారా?’ అని అడిగేయండి, ఏమీ తప్పుగా అనుకోం.

అలాగే మా బాధ కూడా వినండి. ఎండలో నాలుగు ఇళ్లు తిప్పి చూపిస్తాం. రాత్రికి ఓనర్ నంబరు పట్టుకుని నేరుగా మాట్లాడేసుకుంటారు. పెట్రోలు మాది, రోజంతా పోయింది మాకు. అందుకే కొంతమంది చూపించడానికే డబ్బు అడగడం మొదలుపెట్టారు.

మీ బడ్జెట్, ఇంట్లో ఎంతమంది ఉంటారు, మాంసాహారం వండుతారా, బండ్లు ఎన్ని, రాత్రి డ్యూటీలు ఉన్నాయా, అన్నీ ముందే చెప్పండి. ఇక్కడ కొంతమంది ఓనర్లు చేపల వాసన వస్తే ఒప్పుకోరు. దాచిపెట్టి చేరితే రెండో నెలలోనే మాటా మాటా వస్తుంది.

ఇక టోకెన్ సంగతి. స్థలం మీద డబ్బు బ్రోకర్ చేతికి ఇవ్వాల్సిన పనే లేదు. ఓనర్ ఖాతాకే పంపండి. స్థిరాస్తి అడ్వాన్సు 20,000 లేదా అంతకు మించితే నగదుగా తీసుకోకూడదని ఇన్‌కమ్ టాక్స్ చట్టంలోనే ఉంది. పెద్ద లేఅవుట్లోనో అపార్ట్‌మెంట్లోనో అయితే ఒడిశా రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులు నమోదు చేసుకునే ప్రభుత్వ సంస్థలో, ఆ ప్రాజెక్టు నంబరు ఉందా, అమ్మే ఏజెంటుకి నంబరు ఉందా అని రెండూ అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి, ఎనిమిది మించి ఫ్లాట్లున్న బిల్డింగుకి రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఛత్రపురం_రిటైర్డ్:
ఇల్లు గురించి అందరూ చెప్పేశారు, నేను ప్లాటు గురించే చెప్తాను. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఈ జిల్లా కాగితాలు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి.

బాబూ శ్రీను, టోకెన్ మాట పక్కన పెట్టి ముందు తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, భూమి రికార్డులోని ఖాతా నంబరు, ప్లాటు నంబరు అడుగు. ఇవ్వడానికి నసిగితే ఆ స్థలం సంగతి అక్కడితో వదిలేయ్. ఇస్తే ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైటు భూలేఖ్‌లో నువ్వే చూసుకోవచ్చు. పట్టా మొత్తం ఒరియాలో వస్తుంది. చదవడానికి బ్రోకర్‌కి ఏ సంబంధమూ లేని మనిషిని పక్కన కూర్చోబెట్టుకో, మీ ఆవిడతో పనిచేసేవాళ్లలో ఎవరైనా సరే. నా మాటల్లో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకు. ఊరు చూపించడానికి బ్రోకర్ కావాలి గానీ, కాగితం మాత్రం నీ మనిషి చదవాలి.

ఖాతా స్థితిబాన్ అని ఉంటే అది రైతు సొంత హక్కు భూమి. రఖిత అనో, అనాబాది అనో ఉంటే సర్కారుది, అక్కణ్నుంచి లేచి వచ్చేయ్. తర్వాత కిసమ్, అంటే భూమి రకం, చూడాలి. ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకునే భూమి. శారద అని ఉంటే వరి పొలం. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఏ కింద తహసీల్దార్ దగ్గర దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి మార్పించుకోవాలి. గోచర్ అంటే పశువుల మేత భూమి, దాని జోలికి పోకు.

పేర్లు కూడా చూడు. ఒకాయన ప్లాటుకి డబ్బంతా కట్టేసి, ఇల్లు కట్టడానికి లోన్ కావాలని మా దగ్గరికి వచ్చాడు. పట్టా తెరిస్తే ఖాతాలో ముగ్గురు అన్నదమ్ముల పేర్లున్నాయి. అమ్మింది ఒక్కడే. మిగతా ఇద్దరూ సంతకం పెట్టకపోతే ఆ కాగితం మీద మేము లోన్ ఎలా ఇస్తాం? ఆయన మొహం చూడలేకపోయాను. షెడ్యూల్డ్ కులాల వారి భూమిని వేరేవాళ్లు కొనాలన్నా అదే చట్టం సెక్షన్ 22 కింద రెవెన్యూ అధికారి అనుమతి ఉండాలి. అది లేకుండా రాసుకున్న కాగితం చెల్లదు.

కొలత దగ్గర కూడా జాగ్రత్త. మన వైపు ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. అంటే ఇక్కడి గుంట దాదాపు 1,742 చదరపు అడుగులు. రేటు గుంటకి చెబుతున్నాడో డిసిమిల్‌కి చెబుతున్నాడో అడిగి కాగితం మీద వేసుకో. డిసిమిల్ అంటే మన సెంటే. ఖర్చు లెక్కలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున అయితే 5 శాతం, ఆడవాళ్ల పేరున 4, పైన రిజిస్ట్రేషన్ 2 శాతం. మీ ఆవిడ పేరున పెట్టుకుంటే ఆ ఒక శాతం మిగులుతుంది. బ్రోకర్ వాటా ఇందులోకి రాదు, అది విడిగా మాట్లాడుకో. రిజిస్ట్రేషన్ అయిపోగానే పని అయిందనుకుని కూర్చోకు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయ్యి నీ పేరున పట్టా వచ్చేదాకా తిరగాలి.

రాయగడ_రైలుపేట:
ఈ చర్చ చూసి మా వైపు కొనాలనుకునేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. జయపురంలో కొన్నా ఇదే లెక్క. గిరిజనుల భూమి చేతులు మారకుండా కాపాడే 1956 నాటి రెగ్యులేషన్ 2 ఇక్కడ నడుస్తుంది. 2002లో సవరించాక, గిరిజనుల భూమిని గిరిజనేతరులకి అనుమతి తీసుకుని కూడా అమ్మే దారి మూసేశారు. 2023 నవంబరులో అనుమతితో అమ్ముకోవచ్చని కేబినెట్ నిర్ణయం తీసుకుంది. జనం గట్టిగా వ్యతిరేకించాక కొద్ది రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టారు. ‘ఇప్పుడు చట్టం మారిపోయింది సార్’ అని చెప్పే బ్రోకర్లు ఆ పాత వార్త పట్టుకునే చెబుతున్నారు.

స్టాంపు పేపరు మీద రాసుకుందాం, తొంభై తొమ్మిదేళ్ల లీజు పెట్టుకుందాం, వేరే గిరిజనుడి పేరున కొందాం, ఇవన్నీ మాకు చెప్పిన మాటలే. ఒక్కటీ నిలవదు. నిలవకపోవడమే న్యాయం కూడా. ఆ రెండెకరాలు పోతే ఆ కుటుంబానికి ఇంకేం మిగులుతుంది? గిరిజనేతరుడి దగ్గర కొనేటప్పుడు కూడా ఆ భూమి అతనికి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వెనక్కి తవ్వి చూడండి.

పర్లాకిమిడి_సుధ:
మా వైపు కూడా గుమ్మా, ఆర్.ఉదయగిరి ప్రాంతాలకి ఇదే వర్తిస్తుంది. పర్లాకిమిడి టౌన్ సంగతి వేరు. ఇంకో మాట, 1936 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం కదా, పాత కుటుంబాల దగ్గర తాతల నాటి దస్తావేజులు తెలుగులో దొరుకుతాయి. చదవగలం కదా అని సంబరపడి దాన్ని బట్టి కొనేయకండి. ఇప్పుడున్న పట్టాలో ఎవరి పేరుందో అదే చూడాలి.

సోంపేట_శ్రీను:
అందరికీ చాలా చాలా థాంక్స్. మొత్తానికి బ్రోకర్ ప్లాటు నంబరు ఇచ్చాడు, తటపటాయించలేదు. మా ఆవిడ ఆసుపత్రిలో ఒక సిస్టర్ చదివి చెప్పారు. స్థితిబానే ఉంది, కానీ కిసమ్ శారద అని ఉందట. ఖాతాలో నలుగురు అన్నదమ్ముల పేర్లున్నాయి. ఒకాయన సూరత్‌లో మగ్గాల దగ్గర పనిచేస్తున్నారట. బ్రోకర్‌ని అడిగితే కిసమ్ మార్పు కొన్నాక మీరే చేసుకోవచ్చు, సూరత్ ఆయన ఫోన్లో ఒప్పుకున్నాడు అంటున్నాడు. ధర మాత్రం మాకు అందుబాటులోనే ఉంది. ఏం చేయమంటారు?

ఛత్రపురం_రిటైర్డ్:
ఫోన్లో ఒప్పుకోవడం పనికిరాదు నాయనా. ఆయన స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. రాలేకపోతే సూరత్‌లోనే అక్కడి సబ్‌ రిజిస్ట్రార్ ముందు పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఆ సబ్‌ రిజిస్ట్రార్ చేతే ధ్రువీకరణ చేయించి అన్నదమ్ముల్లో ఒకరికి పంపాలి. ఆ కాగితం నీ కళ్లతో చూడు. గంజాం నుంచి సూరత్ వెళ్లినవాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు, కాబట్టి ఇది కొత్త సమస్యేమీ కాదు. అమ్మేవాళ్లకి నిజంగా అమ్మాలని ఉంటే చేసి పెడతారు.

కిసమ్ మార్పు మాత్రం అమ్మేవాళ్లనే చేయించి ఇమ్మను. కావాలంటే ఆ ఫీజు నువ్వు భరిస్తానని ధరలో సర్దుబాటు చేసుకో. ఘరబారి అని పట్టా వచ్చాక, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) 30 ఏళ్లకి తీయించి, బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ లేఅవుట్ అనుమతి చూసుకుని అప్పుడు అడ్వాన్స్ ఇవ్వు, నలుగురి ఖాతాలకీ విడివిడిగా.

కమీషన్_మీద_బతికేవాణ్ని:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నంబరు అడగ్గానే ఇచ్చాడంటే మీ బ్రోకర్ చెడ్డవాడు కాకపోవచ్చు. ఈ షరతులన్నీ అతనికే చెప్పి, ‘ఇవన్నీ చేయించు, నీ కమీషన్ రిజిస్ట్రేషన్ రోజున ఇస్తాను’ అనండి. అన్నదమ్ములని కూర్చోబెట్టడం, తహసీల్ చుట్టూ తిరగడం మా పనే. ఈలోగా అద్దె ఇల్లు ఒకటి తీసుకోండి. మీ ఆవిడ ఆసుపత్రి ఏ వైపో రాస్తే, వేసవిలో కూడా నీళ్లు వచ్చే వీధులు నాకు తెలిసినవి ఇక్కడే రాస్తాను, దానికి కమీషన్ ఏమీ వద్దు.

సోంపేట_శ్రీను:
కొత్త బస్టాండు వైపు అన్నయ్యా. స్లాబు ఇల్లు, రెండు గదులు చాలు, చేపలు వండుతాం, మా ఆవిడకి నైట్ డ్యూటీలు ఉంటాయి.