బరంపురంలో ‘డాల్స్ హౌస్’ వేస్తున్నాం, నోరాని ఆపమంటున్నారు

ప్రశ్న (బరంపురం నుంచి):

మా వీధి తెలుగువాళ్ళం ఏటా సంక్రాంతికి ఒక నాటకం వేస్తాం. ఈసారి పౌరాణికం వద్దని పట్టుబట్టి నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘డాల్స్ హౌస్’ తీసుకున్నాను. మూడు అంకాలూ ఒకే గదిలో జరుగుతాయి, సెట్టు ఖర్చు కలిసొస్తుంది, అదీ ఒక కారణం. అందులో నాయిక నోరా వేషం వేసే అమ్మాయి ఒడియా మీడియంలో చదివింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవలేదు. అందుకని డైలాగులన్నీ ఒడియా లిపిలో రాసిచ్చాను.

గొడవంతా చివరి సీను దగ్గరే. మొగుణ్ణీ ముగ్గురు పిల్లల్నీ వదిలి నోరా గడప దాటడం కమిటీ పెద్దలకి మింగుడు పడటం లేదు. “పండగపూట ఇదేం పని, గుమ్మం దాకా వెళ్ళి పిల్లల కోసం ఆగిపోయినట్టు మార్చెయ్” అంటున్నారు. పైగా వాళ్ళలో ఒకాయన ఎక్కడో చదివొచ్చి, ఇబ్సెనే అలా మార్చి రాశాడు, మధ్యలో నీకేం నొప్పి అన్నారు. ఇది నిజమేనా?

జవాబు (పర్లాకిమిడి నుంచి, రిటైర్డ్ టీచర్):

నిజమే బాబూ, కానీ సగమే చెప్పారు. ఈ నాటకం 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగన్ రాయల్ థియేటర్లో మొదటిసారి ఆడారు. మరుసటి ఏడు జర్మనీలో హెడ్విగ్ నీమన్-రాబే అనే పేరున్న నటి, నేనైతే నా పిల్లల్ని వదిలి వెళ్ళను, ఆ సీను వెయ్యను అని భీష్మించుకు కూర్చుంది. అక్కడ ఇబ్సెన్‌కి కాపీరైట్ రక్షణ లేదు. ఎవడో చెయ్యిపెట్టి పాడు చేసేకంటే ఆ పాడేదో నేనే చేస్తానని ఆయనే వేరే ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా మొగుడు హెల్మర్ ఆవిణ్ణి పిల్లల గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్తే అక్కడే కూలబడిపోతుంది. రాసిచ్చి ఊరుకున్నాడా? ఇది నా నాటకం మీద అనాగరికమైన దౌర్జన్యం అని పత్రికకి ఉత్తరం రాశాడు. మీ పెద్దాయన ఆ ఉత్తరం దాకా చదివినట్టు లేరు!

ఇబ్సెన్ అప్పుల బాధ తెలిసినవాడు. పుట్టింది 1828లో, నార్వేలో స్కీన్ అనే ఊళ్ళో. చిన్నతనంలోనే తండ్రి వ్యాపారం మునిగి కుటుంబం ఊరి బయట పొలం ఇంటికి మారింది. పదిహేనేళ్ళకే గ్రిమ్‌స్టాడ్‌లో మందుల షాపులో పనికి కుదిరాడు. అప్పూ పరువూ ఆయన నాటకాల్లో ఊరికే రాలేదు.

జవాబు (రాయగడ నుంచి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను):

అందరూ ముగింపు గురించే కొట్టుకుంటున్నారు. మొదటి అంకంలో ప్రామిసరీ నోటు సీను పండితే ముగింపు దానంతటదే నిలబడుతుంది. జబ్బు చేసిన మొగుణ్ణి ఇటలీ తీసుకెళ్ళడానికి నోరా అప్పులిచ్చే క్రోగ్‌స్టాడ్ దగ్గర 4,800 క్రోనర్లు (అక్కడి డబ్బు) అప్పు తెస్తుంది. భర్త అనుమతి లేనిదే భార్య అప్పు చెయ్యకూడని రోజులవి. జామీను సంతకం పెట్టాల్సిన నోరా తండ్రేమో చావుబతుకుల్లో ఉన్నాడు. ఆయన సంతకం ఈవిడే గీకేస్తుంది. ఆయన పోయింది సెప్టెంబరు 29న, సంతకం పక్కన తేదీ అక్టోబరు 2! అలాంటి కాగితం మా కౌంటర్లోకి వస్తే ఇంక చెప్పక్కర్లేదు. క్రోగ్‌స్టాడ్ ఆ తేదీలు తాపీగా, ఒక్కొక్కటే అడగాలి. కాగితం ప్రేక్షకులకి కనబడేలా పట్టుకోమనండి.

చివర్లో ఆ నోటు తిరిగి చేతికి రాగానే హెల్మర్ “నేను గట్టెక్కాను” అంటాడు. “మరి నేనో?” అంటుంది నోరా. ఆ మాట తర్వాత కూడా ఆవిడ ఉండిపోవాలని మీ పెద్దలు అంటే, ముందు వాళ్ళని ఒక రిహార్సల్‌కి కూర్చోబెట్టండి.

జవాబు (జయపురం నుంచి, కాలేజీలో నాటకాలు వేసినదాన్ని):

అన్నా, ఇంటికి తిరిగొచ్చిన నోరానే కావాలంటే వాళ్ళకి లారా కీలర్ సంగతి చెప్పండి. ఇబ్సెన్‌కి తెలిసిన రచయిత్రి. క్షయ వచ్చిన భర్త కోసం రహస్యంగా అప్పు చేసింది, తీర్చే దారిలేక దొంగ సంతకం పెట్టింది. భర్త ఆవిణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. ఆ తర్వాత పిల్లల కోసం బతిమాలుకుని మళ్ళీ ఆ ఇంటికే చేరింది. అంతకుముందు పుస్తకం అమ్మి అప్పు తీర్చుకుందామని ఇబ్సెన్ సిఫార్సు అడిగితే, ఆయన కుదరదన్నాడు. ఆవిడ కష్టం మాత్రం నాటకానికి పనికొచ్చింది. ఈ విషయంలో ఆయన మీద నాకు కోపమే.

ఇంకోటి. మొదట్లో నోరా మొగుడికి తెలియకుండా మాకరూన్లనే మిఠాయి తిని, నోరు తుడుచుకుని, తినలేదంటుంది. మీరు నువ్వుండలు పెట్టండి, కొంగున ముడేసుకోవచ్చు. ఈ చిన్న అబద్ధం ఆ అమ్మాయి ఎంత సులువుగా ఆడితే పెద్దది అంత నమ్ముతారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్స్. ఆదివారం కమిటీని రిహార్సల్‌కి పిలిచాను, నువ్వుండలు కూడా ఖాయం. ఒకటే టెన్షన్. మా స్టేజికి పక్క తెరలే తప్ప తలుపు లేదు, చివర్లో ఆవిడ తలుపు వేసుకుని వెళ్ళాలి కదా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):

స్టేజి మీద తలుపు అక్కర్లేదు బాబూ. ఇబ్సెన్ రాసింది కింద నుంచి వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినబడుతుందనే. నోరా తెర పక్కకి వెళ్ళిపోయాక హెల్మర్‌ని కాసేపు ఒక్కణ్ణే ఉంచండి. తెర వెనక ఒక పాత తలుపు రెక్కా, గట్టి చెయ్యున్న కుర్రాడూ ఉంటే చాలు. మైకు మాత్రం దాని దగ్గర పెట్టొద్దు, పేలుడులా వినబడుతుంది.