స్లాట్ కార్లకు యూరిథేన్ టైర్లు: మన దుమ్ములో పట్టు నిలుస్తుందా?

గడియారం సెంటర్, నల్గొండ

నమస్తే అందరికీ. మా బావ అమెరికా నుంచి వస్తూ పిల్లలకని స్కేలెక్స్‌ట్రిక్ సెట్టు ఒకటి తెచ్చాడు. అసలు కారులో 32వ వంతు (1/32) సైజు బండ్లు, ప్లాస్టిక్ ట్రాకు. వీటినే స్లాట్ కార్లంటారు: ట్రాకులోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ కార్లు, చేతిలోని మీట నొక్కి వేగం పెంచాలి. పిల్లల పేరు చెప్పి రాత్రి అన్నాలయ్యాక నేనూ మా తమ్ముడే ఆడుతున్నాం, అది వేరే సంగతి. అడుగున అయస్కాంతం ఉన్నంతకాలం బండి ట్రాకులోని ఇనుప పట్టీలకు అతుక్కుని పోయేది. మీట నొక్కి పట్టుకోవడం తప్ప మనం నడిపేదేమీ లేదు. అందుకే తీసేశాం. అప్పటి నుంచి ప్రతి మలుపులో వెనక చక్రాలు జారి బండి అడ్డం తిరుగుతోంది. కంపెనీ టైర్లు రబ్బరువే, గోరు గుచ్చినా దిగనంత గట్టిగా ఉన్నాయి.

కొందరేమో యూరిథేన్ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) టైర్లు వేయమంటున్నారు, కొందరు సిలికాన్ అంటున్నారు. ఏదైనా బయటి దేశం నుంచే తెప్పించుకోవాలి, టైర్ల కంటే పార్సిల్ ఖర్చే ఎక్కువ. అందుకే సరైనవి ఒక్కసారే కొందామని నా ఆలోచన. మా గది మేడ మీద, పైన రేకులు. ఎదురుగా రోడ్డు పనులు. పొద్దున తుడిచిన ట్రాకు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మే నెలలో ఆ గదిలో మనుషులే ఉండలేరు. ఇట్లాంటి చోట యూరిథేన్ ఎన్నాళ్ళు ఆగుతుంది? పట్టులో తేడా నిజంగా తెలుస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి.

మిల్లు మెకానిక్, మిర్యాలగూడ

తమ్ముడూ, నీ గదికి యూరిథేనే. ఎందుకో చెప్తా, జర ఓపిగ్గా చదువు.

అయస్కాంతం తీసేయడం మంచి పని. 1957లో ఇంగ్లండులో స్కేలెక్స్‌ట్రిక్ మొదలైనప్పుడు బండ్లకు అయస్కాంతాల్లేవు. జారబోయే బండిని జారకుండా తిప్పుకోవడమే ఆట. కాకపోతే అయస్కాంతం పోయాక భారమంతా టైరు మీదే పడుతుంది.

నేను రైస్ మిల్లులో మెషీన్లు చూసుకుంటా. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్ళు అరిగిపోతుంటే మార్చడం నా పని. వడ్ల ఊకలో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేది కూడా అదే. అది రబ్బరును ఎట్లా కొరుకుతుందో రోజూ చూస్తూనే ఉన్నా. నీ ట్రాకు మీద పడే రోడ్డు దుమ్ము కూడా అదే బాపతు. రాపిడికి ఆగడంలో యూరిథేన్‌ది పెద్ద చెయ్యి. గోదాముల్లో బస్తాలు లాగే ట్రాలీ చక్రాలకు దాన్ని పోత పోసేది అందుకే. సిలికాన్‌కు చిన్న గాటు పడిందంటే అక్కణ్ణుంచి చిరుగుతూ పోతుంది, గరుకు ట్రాకు మీద మరీ తొందరగా.

ఇక పట్టు. శుభ్రమైన, నున్నటి ట్రాకు మీద సిలికాన్‌దే పైచేయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ దుమ్ము ఉంటే నాలుగు చుట్లు తిరిగేలోపే ఆ దుమ్మంతా ఒంటికి పూసుకుంటుంది, తర్వాత జారుడే. యూరిథేన్‌కూ దుమ్ము అంటుతుంది, కానీ అది ఉన్నట్టుండి చేతులెత్తేయదు. పట్టు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, ఆ తగ్గడం మీట పట్టుకున్న వేలికి తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. కవరు చింపి ఎక్కించగానే యూరిథేన్ పనిచేయదు. అచ్చులో పోసిన సరుకు, పైన నున్నటి పొర ఉంటుంది, గుండ్రం కూడా సరిగ్గా ఉండదు. చాలామంది ఇక్కడే డబ్బులు దండగని మూలన పడేస్తారు. దాన్ని సాన పట్టాలి. రిమ్ముకు చుక్కంత ఫెవిక్విక్ రాసి టైరు ఎక్కించి, పూర్తిగా ఆరనివ్వు. 220 నంబరు వాటర్ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితం) చదునైన పలకకు అతికించి తడుపు. మోటారును తక్కువ వోల్టేజీలో తిప్పుతూ వెనక చక్రాలను దాని మీద ఆనీ ఆనకుండా పెట్టు. పొడిగా రుద్దితే వేడెక్కి ఉండలు కడుతుంది, అందుకే తడి ముఖ్యం. మోటారుకు మాత్రం నీళ్ళు తగలనీయకు. మధ్యమధ్యలో ఆపి దీపం కింద చూడు. సాన తగిలినచోట టైరు మసక బూడిద రంగులోకి మారుతుంది, తగలనిచోట ఇంకా నిగనిగలాడుతుంది. మామూలుగా లోపలి అంచున సన్నటి మెరుపు గీత చివరిదాకా మొండికేస్తుంది. అది పోయేదాకా వదలకు, ఆ గీత ఉన్నంత మేర టైరు ట్రాకును తాకడం లేదని అర్థం. తర్వాత 400 నంబరుతో నున్నగా ముగించు.

ఆటకు ముందు టైర్లను తడి గుడ్డతో తుడువు. బోరు నీళ్ళు వద్దు, ఆరితే తెల్లటి పొర కడుతుంది, నల్గొండ నీళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా. మా ఇంట్లో అయితే మిల్లు నుంచి తవుడు దుమ్ము కూడా వచ్చి పడుతుంది, దాంట్లో నూనె ఉంటుంది. ఒట్టి తడి గుడ్డ చాలదు, ట్రాకుకు సబ్బు నీళ్ళు కూడా కావాలి. నీది వట్టి మట్టి, అదృష్టవంతుడివి.

సిలికాన్ గ్యాంగ్, జడ్చర్ల

మెకానిక్ అన్నతో గొడవేం లేదు గానీ సిలికాన్‌ను మరీ తీసిపారేయకండి. మాది ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు అదిమి చేసిన) పలకలో గాడి కోయించి, పైన ఎమల్షన్ వేయించిన ట్రాకు. కిటికీలు మూసే ఉంటాయి, ఆట లేనప్పుడు మీద దుప్పటి కప్పుతాం. ప్యాకింగ్ టేపు జిగురు వైపు పైకి పెట్టి, చక్రాలను దాని మీద రెండుసార్లు దొర్లిస్తే మళ్ళీ కొత్త టైర్లే. సాన పట్టే లొల్లి లేదు. పట్టినా సిలికాన్ మాట వినదనుకోండి, వంకరగా వచ్చిందంటే వంకరే.

ఇంకో మాట. ఒకే ట్రాకు మీద రకరకాల టైర్లు తిప్పకండి. రబ్బరు మెత్తబడుతుందని కొందరు నూనె రాస్తారు. ఆ నూనె ట్రాకు మీద మిగిలిపోతుంది, వెనక వచ్చే బండి దాని మీద జారుతుంది. మా దగ్గర ఆటకు వచ్చేవాళ్ళ బండి టైరును ముందు వేలితో రుద్ది చూస్తాం. జిడ్డుంటే బండి పెట్టెలోకే.

గడియారం సెంటర్, నల్గొండ

జడ్చర్ల అన్నా, మా రేకుల గదిలో దుప్పటి కప్పితే దుప్పటి కింద కూడా దుమ్మే ఉంటుంది. యూరిథేనే ఖాయం చేస్తున్నా. రెండు డౌట్లు. ముందు చక్రాలకు కూడా అవే కొనాలా? ఎండకు కరుగుతాయా?

పాతపెట్టె, వనపర్తి

ఎండకు కరగవు. నా టెన్షనంతా తేమ గురించే. యూరిథేన్‌లో పాలియెస్టర్ రకం, పాలీఈథర్ రకం అని ఉంటాయి. పాలియెస్టర్ రకం తేమను పీల్చుకుని మెల్లగా విరిగిపోతుంది, వేడి తోడైతే ఇంకా తొందరగా. ఏళ్ళ తరబడి అల్మారాలో దాచిన షూ ఒకరోజు తొడుక్కుంటే అడుగు పొడిపొడిగా రాలడం చూసే ఉంటారు. అదీ ఇదే రోగం, ఆ అడుగు కూడా చాలావాటిలో యూరిథేనే. నా దగ్గర మూత బిగించిన డబ్బాలో దాచిన పాత జత ఒకటి తీస్తే వేళ్ళకు బెల్లం పాకంలా అంటుకుంది. అదే వయసు జత బండికి ఉన్నది ఇప్పటికీ తిరుగుతోంది. పాలీఈథర్ రకం తేమకు బాగా ఆగుతుంది. కానీ కవరు మీద ఏ రకమో రాయరు, అమ్మేవాణ్ణే అడగాలి. ఏదైనా సరే, చవకని ఐదారు జతలు కొని దాచకండి. అవసరమైనన్నే కొని తిప్పండి, రేకుల గదిలో కాకుండా కింద చల్లని గదిలో పెట్టండి.

మిల్లు మెకానిక్, మిర్యాలగూడ

వనపర్తి అన్న చెప్పింది నిజం. ముందు చక్రాలకు పట్టు అక్కర్లేదు తమ్ముడూ, ఉంటేనే ఇబ్బంది. అవి బండిని లాగవు, గాడిలో ఉన్న గైడే, అంటే బండి ముందు అడుగున ఉండే చిన్న రెక్కే, తిప్పుతుంది. వాటికి పట్టు ఉంటే మలుపులో బండి ముక్కు ఎత్తుకుని గాడిలోంచి లేస్తుంది. కంపెనీ రబ్బరువే ఉంచి, రంగులేని గోళ్ళ పాలిష్ ఒక పూత వేయి, నున్నగా జారుతాయి. ఇంట్లో అడిగి తీసుకో, చెప్పకుండా తీస్తే నాకు సంబంధం లేదు.

అయస్కాంతం తీసిన ఖాళీలో గాలానికి కట్టే సీసం ముక్క చిన్నది అతికించు, వెనక ఇరుసుకు కొంచెం ముందు. ముట్టుకున్నాక చేతులు కడుక్కో, చిన్నపిల్లలకు ఇవ్వకు. బరువు మరీ పెంచితే టైరు తొందరగా అరుగుతుంది, మలుపులో బండి బద్ధకిస్తుంది కూడా. కొంచెంతో మొదలుపెట్టి చూడు.

ఆర్డరు పెట్టేముందు వెనక రిమ్ము వ్యాసం, వెడల్పు వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) కొలువు. బండి మోడల్ పేరొక్కటే చూసి కొంటే వదులుగానో బిగుతుగానో వస్తాయి, వదులైన టైరును ఏ సానా బాగుచేయదు. వెర్నియర్ లేదంటావా, దగ్గర్లో ఏ లేతు షాపులోనైనా ఉంటుంది. బండి చేత్తో పట్టుకునే పో, నోటి కొలతలు చెప్పకు.