జోండో కాదు, హోందో

దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా ప్రాంతపు పాట, నృత్యం, గిటారు కలిసిన కళ ఫ్లామెంకో. దాని గురించిన ఒక తెలుగు వ్యాసంలో, అందులోని ఒక రకం పాటకు పేరైన ‘కాంటే జోండో’ అన్న మాట చూసి, అది సరైన రూపమేనా అని సభ్యులొకరు ఇక్కడ అడిగారు. పాడేవారు దాన్ని ‘కాంతే హోందో’ అనే పలుకుతారు. ఇంగ్లీషు మీదుగా చదవడం వల్ల మనకు ట, జ, డ వచ్చిపడ్డాయి. స్పానిష్ త, ద లు మన వాటిలాగే దంత్యాలు కనుక ఈ మాట తెలుగు లిపిలో చక్కగా ఒదుగుతుంది.

ఇందులోని హకారానికి పెద్ద చరిత్ర ఉంది. లాటిన్‌లో ‘అడుగుభాగం’ అనే అర్థమున్న ‘ఫుందుస్’తో ‘హోందో’కు చుట్టరికం. లాటిన్ పదాది ఫకారం స్పానిష్‌లో చాలా చోట్ల హకారమైంది. పాత కన్నడ ‘పాలు’ తరువాత ‘హాలు’ అయిన తీరు మనకు తెలిసిందే. కాస్టీలియన్ (ప్రామాణిక స్పానిష్) ఉచ్చారణలో ఆ హకారం కూడా లోపించి, ‘లోతైన’ అనే మాట రాతలో హెచ్ ఉన్నా పలుకులో ‘ఓందో’గా మిగిలింది. అందలూసియా వాడుకలో మాత్రం హకారం నిలిచింది. దాన్ని వినిపించడానికే ఈ మాటను, స్పానిష్‌లో హకారానికి దగ్గరగా పలికే జే అక్షరంతో రాస్తారు.

ఫ్లామెంకో పరిభాష చాలావరకు ఇలాంటి మాండలిక రూపాలతోనే నిండి ఉంది. ‘కాంతాదోర్’లో దకారం జారి ‘కాంతావోర్’ అయింది. మామూలు గాయకుణ్ణి ‘కాంతాంతే’ అంటారు కానీ, ఈ పాట పాడేవాణ్ణి ‘కాంతావోర్’ అనే అనాలి. నర్తకుడు ‘బైలావోర్’, గిటారు వాయించేవాడు ‘తొకావోర్’, ప్రదర్శన జరిగే చెక్క వేదిక ‘తబ్లావో’. పాటకు సాధారణమైన మాట ‘కాంతో’ ఉండగా వీరు ‘కాంతే’ అంటారు. 1922లో గ్రనాడాలో కవి లోర్కా ఇచ్చిన ఉపన్యాసం పేరులోనే ఈ రెండూ ఉన్నాయి: ‘కాంతే హోందో’ అని పిలిచే ఆదిమ అందలూసియా ‘కాంతో’ అని. అదే ఏడాది జూన్‌లో సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా తదితరులు అక్కడి అల్‌హాంబ్రా కోటలో జరిపిన పోటీకి కూడా పల్లె పలుకుబడిలోని ఈ పేరే పెట్టారు. పండితులు ఆ ఉచ్చారణను దిద్దకుండా స్వీకరించడం నాకెంతో సంతోషం కలిగించే విషయం.

‘కాంతే హోందో’కు ‘గంభీర గానం’ అన్న అనువాదంతో మాత్రం నేను ఏకీభవించలేను. గంభీరం అనగానే నిండైన, నిబ్బరమైన కంఠం తోస్తుంది. కాంతే హోందోలో ఒక రకమైన సిగిరియా పాడే గొంతు తరచు జీరపోయి, ‘ఆయ్’ అనే సుదీర్ఘమైన ఆక్రందనతో ఎత్తుకొని, పాదం మధ్యలో తెగిపోతూ సాగుతుంది. ఆ ఆక్రందనను ‘కెహీయో’ అంటారు; అందులోనూ దకారం జారినదే. దానికి మన ‘శోకాలు పెట్టడం’ కొంత దగ్గరగా వస్తుంది. పాట పేరును మాత్రం ‘కాంతే హోందో’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట పక్కన ‘లోతు పాట’ అని రాయడం మేలని నా అభిప్రాయం.