చేలో పురుగుమందు కొట్టిన రోజల్లా నాన్నకి కడుపునొప్పి, ఇప్పుడు షుగర్ కూడా. ఎవరికి చూపించాలి?

మాది గుంటూరు వైపు, మిరప చేను. నాన్న ఇరవై ఏళ్లుగా తనే మందు కొడతారు, మూతికి తువ్వాలు తప్ప ఇంకేం కట్టుకోరు. ఆ రాత్రికి కడుపు మెలిపెట్టి విరేచనాలు. పోయినేడు షుగర్ బయటపడింది. మనిషి సన్నం, మా ఇంట్లో ఎవరికీ లేదు. 2017లో మదురై పరిశోధకులు చిట్టెలుకలకి 180 రోజులు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఇచ్చి చూశారు. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని అసిటేట్ అనే పదార్థంగా మార్చిందట, దాంతో గ్లూకోజు పెరిగిందట. మనుషుల్లోనూ అంతేనా? మా డాక్టర్‌ని అడిగితే నవ్వేసి మాత్రలు రాశారు. పురుగుమందు ప్రభావం ఒంట్లో ఉందేమో చూసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష మందు కొట్టాక ఎన్ని రోజుల్లోపు చేయించాలి? గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాలా, షుగర్ డాక్టర్ దగ్గరికా? మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా అయితే దయచేసి చెప్పండి. పంపు పక్కన పెట్టమంటే మాత్రం ఆయన వినరు.