పోర్టికో లైటుకి డే-నైట్ సెన్సారా, టైమరా?

భాగ్య_మండపేట
ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటోంది. చీకటి పడ్డాక పోర్టికో లైటు వెయ్యడం మర్చిపోతోంది. వేసిన రోజున మర్నాడు తొమ్మిదింటిదాకా వెలుగుతూనే ఉంటుంది. పొద్దుగూకితే వెలిగి, తెల్లారితే ఆరిపోయే సెన్సార్ పెట్టిద్దామనుకుంటున్నాను. మా తమ్ముడేమో టైమర్ చాలంటాడు. వాడినవాళ్ళు చెప్పండి.

నరేష్_వరంగల్
సెన్సారే పెట్టించుండ్రి అక్కా. మా దిక్కు డిసెంబర్ మొదట్ల 5:40 కాకముందే పొద్దు గూకుతది, జూన్ ఆఖరుకు 6:50 దాటుతది. గంటకు పైన తేడా. ఏడాది పొడుగునా టైమర్ ఎవరు తిప్పుకుంట కూసుంటరు? పైగా బ్యాటరీ లేని టైమరైతే కరెంటు గంట పోతే గంట వెనకబడ్తది. మీ అమ్మ దాన్ని సవరిస్తదా?

రామ్మోహన్_కాకినాడ
మబ్బు పడితే సెన్సార్ పగలే వెలుగుతుంది. మా కోస్తాలో తుఫాను పట్టిందంటే రోజుల తరబడి ఆకాశం కనిపించదు. ఇక ఆదా ఎక్కడ? టైమర్ పెట్టి రాత్రి పదింటికి ఆపేసుకోండి, హాయి.

సుధ_గుంటూరు
మా ఇంట్లో సెన్సారే ఉంది. ఏ ఇబ్బందీ లేదు.

వైరింగ్_మాస్టర్
మబ్బు సంగతి తేల్చేద్దాం. లోపల ఎల్డీఆర్ అని చిన్న బిళ్ళ ఉంటుంది. వెలుగు తగ్గేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒక హద్దు దాటాక రిలే, అంటే లోపలుండే ఆటోమేటిక్ స్విచ్, పడి లైటు వెలుగుతుంది. ఆ హద్దు మామూలుగా 10, 20 లక్స్ (వెలుగుకి కొలత) దగ్గర ఉంటుంది. కారుమబ్బు కమ్మినా పగటిపూట ఆరుబయట వందల లక్స్ ఉంటుంది. పగలే వెలుగుతోందంటే సెన్సార్‌ని పోర్టికో శ్లాబు కిందో, చెట్టు నీడలోనో బిగించారన్నమాట, లేదా దాని మూత దుమ్ముపట్టిపోయి ఉంటుంది. ఆకాశం కనబడేలా పెట్టాలి, తన లైటు తన మీద పడకూడదు. పడితే వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగి రాత్రంతా అదే పని. మెరుపుకీ బండి లైటుకీ ఆరిపోకుండా మంచివాటిలో కొన్ని సెకన్ల ఆలస్యం పెడతారు.

రామ్మోహన్_కాకినాడ
లక్స్ లెక్కలు కాగితం మీద బాగానే ఉంటాయి. మా వీధిలో మధ్యాహ్నం మూడింటికి వెలిగిన లైటు నేను కళ్ళారా చూశాను.

నరేష్_వరంగల్
అది ఎక్కడ బిగించిన్రో చూసిన్రా? మాస్టారు అంత వివరంగా చెప్పిన్రు కద. పోనీ మబ్బుకు రెండు గంటలు వెలిగిందే అనుకుందాం. 9 వాట్ల బల్బు రాత్రి 12 గంటలు వెలిగితే నెలకు మూడు యూనిట్ల పైచిలుకు. రెండు గంటలకు ఎంతయితది? నాకు ఆదా ముఖ్యం కాదు. మా అమ్మ తెల్లారుజామున చీకట్ల మెట్లు దిగుతుంటె జారి పడ్డది, తుంటి ఎముక విరిగింది. స్విచ్ బోర్డు హాలు అవతలి గోడకుండె. మీకు మబ్బే కనిపిస్తున్నది, మెట్లు కనిపిస్తలేవు.

రామ్మోహన్_కాకినాడ
మీ అమ్మగారికి అలా జరగడం బాధాకరం. కానీ రాత్రంతా వెలగాల్సిందేనని అందరికీ చెప్పకండి. మా పక్కింటివాళ్ళు డాబా మీద 50 వాట్ల ఫ్లడ్ లైటు పెట్టారు, సెన్సార్‌తో. వెంటిలేటర్‌లోంచి తెల్లటి పట్టీలా దిగి సరిగ్గా మా నాన్నగారి మొహం మీద పడుతుంది. ఆయన మంచం పట్టిన మనిషి, ఆ గది తప్ప వేరే లేదు. అట్టముక్క అడ్డం పెడితే గాలి ఆడదు. ఆ వైపున్న చామంతి కుండీలు కార్తీకం వెళ్ళినా మొగ్గ తొడగలేదు. పెరట్లో అవే మొక్కలు విరగబూశాయి. వెళ్ళి అడిగితే ఏమన్నారో తెలుసా? "అది ఆటోమేటిక్ అండీ, మా చేతిలో ఏముంది?" చేత్తో వేసే లైటయితే పడుకునేముందు ఆర్పమని అడగొచ్చు. దీన్ని ఎవరిని అడగాలి?

సుధ_గుంటూరు
చామంతి విషయం నిజమే. పొద్దు తగ్గి రాత్రి పొడుగయితేనే అది మొగ్గ వేస్తుంది. పూత ఆలస్యం కావాలని రైతులు కావాలనే రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగిస్తారు.

నరేష్_వరంగల్
ఇది ముందే చెప్తె అయిపోవు కద. పొద్దటి సంది మబ్బు పట్టుకొని కూసున్నరు. మీ కోపం సెన్సార్ మీద కాదు, మీ పక్కింటాయన మీద. అయినా పదింటికి ఆర్పెయ్యాలంటె నేను ఒప్పుకోను. మా అమ్మ పడ్డది నాలుగింటికి. ముసలోళ్ళు ఎప్పుడు లేస్తరో టైమర్‌కేం ఎరుక?

రామ్మోహన్_కాకినాడ
మెట్ల మీద చిన్న బల్బు ఎవరికీ అడ్డం కాదు, దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. మా గదిలోకొచ్చే వెలుగు గురించి అంటున్నాను. ఎవరింటి లైటు వాళ్ళ ప్రహరీ దాటకూడదు. పెట్టినవాళ్ళే జవాబు చెప్పాలి, యంత్రం కాదు.

వైరింగ్_మాస్టర్
భాగ్యగారూ, మెట్లకీ గుమ్మానికీ 9 వాట్ల బల్బు సెన్సార్ మీద పెట్టండి, పైన డోమ్ ఉండి వెలుగు కిందికే పడేలా. పెద్ద లైటు కావాలంటే దానికి మనిషి కదిలితే వెలిగే మోషన్ సెన్సార్ విడిగా పెట్టించండి. సెన్సార్‌కి మూడు వైర్లు: ఫేజు, న్యూట్రల్, లోడు (బల్బుకి వెళ్ళేది). ఫేజులో సెన్సార్‌కి ముందు మామూలు స్విచ్ ఒకటి తప్పనిసరిగా ఉంచండి. ఎప్పుడైనా ఎవరైనా ఆర్పమంటే ఆర్పగలగాలి. చాలామంది ఆ స్విచ్ తీసేసి డైరెక్ట్ ఇస్తారు. రామ్మోహన్‌గారూ, మీ పక్కింటి ఫ్లడ్ లైటుకి కింద క్లాంపు ఉంటుంది. స్పానర్‌తో వదులు చేసి మూతి కిందికి వంచితే చాలు.

రామ్మోహన్_కాకినాడ
క్లాంపు సంగతి నాకూ తెలుసండీ. వంచమనే అడిగాను.

నరేష్_వరంగల్
మీ పక్కింటోళ్ళను ఒక్కపారి రాత్రిపూట ఆ గదిలకు తీస్కపోయి మీ నాన్నగారిని చూపెట్టుండ్రి. మాటతోని కానిది చూస్తె అయితదేమో.

భాగ్య_మండపేట
మా ప్రహరీకీ పక్కింటి కిటికీకీ మధ్య సన్న సందే ఉంది. కాబట్టి మెట్ల దగ్గర డోమ్ బల్బు, ఫేజులో స్విచ్ ఖాయం. ఆ స్విచ్ అమ్మ అలవాటుకొద్దీ పొద్దున్నే ఆపేస్తుందేమోనని ఒక్కటే అనుమానం. గదిలో కాకుండా మెయిన్ బోర్డు దగ్గర పెట్టించమంటారా?