చెల్లి తిన్న వెంటనే బాత్రూంకి వెళ్తోంది, అడగాలా వద్దా?

ఎంవీపీ అక్క: చెల్లి ఇంటర్ సెకండియర్. మూడు నెలలుగా పగలంతా ఆకలి లేదంటుంది, రాత్రి అందరం పడుకున్నాక ఫ్రిజ్‌లో మిగిలిన పులిహోర, బిస్కెట్ ప్యాకెట్లు, ఏది దొరికితే అది తినేసి బాత్రూంలో కుళాయి తిప్పుకుని చాలాసేపు లోపలే ఉంటుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో పరుగు, జ్వరమొచ్చినా మానలేదు. మనిషి మాత్రం సన్నబడలేదు, అందుకే అమ్మ "వయసు వేషాలు" అంటోంది. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

నర్సమ్మ: ఊహ కాదమ్మా. బులీమియాలో, అంటే అతిగా తినేసి వాంతి చేసుకునే జబ్బులో, చాలామందికి బరువు మామూలుగానే ఉంటుంది, అక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. పదేపదే వాంతి చేసుకుంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. దవడల దగ్గర వాపు, పళ్ల ఎనామిల్ అరగడం, నెలసరి తప్పడం గమనించు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ అన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు.

గాజువాక పిల్ల: నాది ముందు కనిపెట్టింది పళ్ల డాక్టరు! ఆ తర్వాత నాన్న బాత్రూం దగ్గర కాపలా కాశారు, నేను ఇంకా బాగా దాచడం నేర్చుకున్నాను. బరువు మాట ఎత్తకుండా, రాత్రుళ్లు టెన్షన్‌గా ఉంటోందా అని విడిగా అడగండి.

వాల్తేరు బాబాయ్: చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. అమ్మకి ఆ పేరంటేనే భయమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

ఎంవీపీ అక్క: సాయంత్రం ఇద్దరమే ఆర్కే బీచ్‌కి వెళ్తాం, అక్కడ అడుగుతా. మురీ మిక్చర్ తిందామా అని మాత్రం అననులెండి.