చైన్ ఊడుతోంది, ఐడిల్ తగ్గట్లేదు: ఉన్న డబ్బుతో ఏది కొనాలి?

పాత సైకిల్‌కి సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్ ఇంజన్ కిట్ బిగించాను, 80 సీసీ అని చెప్పి ఇచ్చారు. రెండు కిలోమీటర్లు పోయేలోపే వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీంచి చైన్ జారిపోతోంది. నిన్నయితే చైన్ బిగువుగా ఉంచే టెన్షనర్ తిరిగిపోయి స్పోకుల్లో దూరింది, రెండు స్పోకులు విరిగాయి, నేను పడలేదు అంతే. ఇంకో గొడవ, ఇంజన్ వేడెక్కాక త్రాటిల్ పూర్తిగా వదిలేసినా గీమని అరుస్తూనే ఉంటుంది, ఐడిల్ స్క్రూ బయటికి తిప్పీ తిప్పీ చేతికొచ్చేలా ఉంది. కొత్త చైనో, కొత్త కార్బురేటరో, ఏదో ఒకటి కొనే డబ్బే ఉంది. ఏది ముందు?

గ్రీజుచేతులు:
రెండూ కొనకండి. ముందు ఆ విరిగిన స్పోకులు వేయించి చక్రం సరిచేయించండి, ఈ కిట్లలో స్ప్రాకెట్ వేలాడేదే స్పోకుల మీద. తర్వాత సైకిల్ తలకిందులు చేసి, వెనక రాడ్‌కి ఒక పెన్సిల్ టేపుతో చుట్టి, మొన స్ప్రాకెట్ పళ్లకి ఆనీ ఆనకుండా పెట్టి చక్రం మెల్లగా తిప్పండి. ఒకచోట పన్ను గీసుకుంటూ పోయి, ఇంకోచోట అగ్గిపుల్ల దూరేంత సందు కనిపిస్తే దొంగ దొరికినట్టే. పక్కకి ఊగుతుంటే, బయటికి పొడుచుకొచ్చిన వైపు బోల్టులు కొంచెం బిగించి ఎదుటివి కొంచెం వదలాలి, మొత్తం 9 ఉంటాయి, ఒక్కోటి పావు తిప్పుకి మించొద్దు. పైకీ కిందికీ ఊగితే మాత్రం అన్నీ వదులు చేసి చెక్కముక్కతో తట్టి మధ్యకి తేవాలి. నాకు మొదటిసారి ఒక సాయంత్రమంతా పట్టింది, చాలా చిరాకు పని.

టెన్షనర్ తీసేయగలిగితే తీసేయండి. ఒక లింకు తగ్గించి, చక్రం వెనక్కి జరిపి, చైన్ వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు పైచిలుకు ఆడేలా ఉంచితే చాలు. జరిపాక పెడల్ చైన్ కూడా చూసుకోండి.

ఆ 80 సీసీ అమ్మేవాళ్ల లెక్క. బోరు (సిలిండర్ వెడల్పు) 47, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 38 మిల్లీమీటర్లయితే 66 సీసీ కూడా నిండదు.

రెండుచుక్కలనూనె:
చైన్ సంగతి పైన చెప్పేశారు. మీ అరుపు గాలి లీకు లాగే ఉంది. కేబుల్ ఎక్కడా పట్టేయట్లేదని, కార్బురేటర్‌లో గాలి దారి మూసే స్లైడ్ పూర్తిగా కిందికి దిగుతోందని చూసుకుని, ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్ క్లాంపు దగ్గరా, ఇన్‌టేక్ పైపు సిలిండర్‌కి అతికే చోటా సబ్బు నీళ్లు కొద్దిగా చల్లండి. శబ్దం మారిందా, లీకు అక్కడే. పైపు ముఖాన్ని అద్దం మీద పరిచిన సన్న ఎమెరీ పేపర్‌పై రుద్ది చదును చేసి, కొత్త గాస్కెట్ (అతుకు మధ్య సందు మూసే పలక) కోసి వేయండి. దీన్ని అలాగే వదిలేసి తిప్పితే మాత్రం ప్లగ్గు తెల్లబడి పిస్టన్ పట్టేస్తుంది, అప్పుడు కార్బురేటర్ డబ్బు కూడా సరిపోదు. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలుపుతున్నారు?

అడిగినవాడిని:
అందాజాగా పోస్తున్నాను 😅

రెండుచుక్కలనూనె:
అందాజా మానేయండి బాబూ. 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసాల మూత కప్పు గీతలు చూసి కొలిచినా సరే.

బ్రేకులేవీ:
అందరూ ఇంజన్ గురించే. ముందు చక్రానికి బ్రేకుందా అసలు? ఆ డబ్బుతో మంచి బ్రేకు కట్టలు, కొత్త కేబుల్ కొను అన్నా.

అడిగినవాడిని:
ఆదివారమంతా కూర్చున్నాను. స్ప్రాకెట్ నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, సరిచేసి టెన్షనర్ తీసేశాను. 12 కిలోమీటర్లు తిరిగాను, చైన్ ఊడలేదు. లీకు ఇన్‌టేక్ పైపు దగ్గరే, ఒక స్టడ్ నట్టు చేత్తోనే తిరుగుతోంది. గాస్కెట్ వేశాక ఐడిల్ దిగింది. బ్రేకు కట్టలు కొన్నాను, పాతవి ఇనుము తేలి ఉన్నాయి, ఇన్నాళ్లూ ఎలా ఆగానో. ఇప్పుడు క్లచ్ పూర్తిగా నొక్కినా బండి కొంచెం లాగుతోంది, ఇదెక్కడ సరిచేయాలి?

గ్రీజుచేతులు:
ముందు కేబుల్ లూజు తీయండి. పోకపోతే క్లచ్ వైపు మూత విప్పితే పువ్వులాంటి నట్టు కనిపిస్తుంది, దాని చిన్న స్క్రూ తీసి, ఒక్క గాడి తిప్పి, మళ్లీ స్క్రూ బిగించి చూడండి. ఒక్కటే.